అయిదు కథలు, ఒక గేటు చప్పుడు

"మంచి హారర్ సినిమా ఏదైనా చెప్పు బాబాయ్" అని ఇంట్లో పిల్లలు అడిగినప్పుడల్లా నేను ఒకటే పేరు చెబుతా. ‘డెడ్ ఆఫ్ నైట్’. 1945 నాటిది, బ్లాక్ అండ్ వైట్. అందులో రక్తం పారదు, ఉన్నట్టుండి మీదికి దూకే దెయ్యమూ లేదు. "మరి ఇంకేముంది?" అని మొహం మాడుస్తారు. అందుకే ఈ వారం మనం దీని గురించే మాట్లాడుకుందాం.

ఈ సినిమా తీసింది ఈలింగ్ అనే బ్రిటిష్ స్టూడియో. తర్వాతి రోజుల్లో కామెడీలకు పేరు మోసిన కంపెనీ అది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లోనే, సెప్టెంబరులో, సినిమా విడుదలైంది. దర్శకులు నలుగురు, కథలు అయిదు. వాటన్నిటినీ కలిపి కుట్టే కథ ఇంకోటి.

వాల్టర్ క్రెయిగ్ అని ఒక ఆర్కిటెక్టు పని మీద ఒక పల్లెటూరి బంగళాకి వెళ్తాడు. ఎప్పుడూ చూడని ఇల్లు అది, ఎప్పుడూ కలవని మనుషులు. కానీ వీళ్లంతా రోజూ తన కలలోకి వచ్చేవాళ్లేనని, ఆ కల చివరికి చాలా చెడ్డగా తిరుగుతుందని చెబుతాడు. అక్కడే ఉన్న సైకియాట్రిస్టు అదంతా మనసు ఆడే ఆటంటూ కొట్టిపారేస్తాడు. కానీ మిగతావాళ్లు నవ్వరు. "నాకూ ఒకసారి ఇలాగే అయింది" అని ఒక్కొక్కరే నోరు విప్పుతారు.

మనకిదేం కొత్త కాదు. చందమామ బేతాళ కథలతో పెరిగినవాళ్లకి, భుజం మీది శవంలోంచి కథ వినపడటం మామూలు సంగతే. 2003లో రామ్‌గోపాల్ వర్మ నిర్మించిన ‘డర్నా మనా హై’ కూడా ఈ బాపతే. అడవిలో చిక్కుకుపోయిన కుర్రాళ్లు చెప్పుకునే ఆరు కథలు అందులో ఉంటాయి.

ఇందులో అన్నిటికన్నా పేరొచ్చింది వెంట్రిలాక్విస్టు కథకి. అతని ఒళ్లో కూర్చుని మాట్లాడే బొమ్మ మెల్లగా అతని మీదే పెత్తనం మొదలుపెడుతుంది. మాది ఉదయగిరి. చెక్కతో గరిటెలు, స్పూన్లు చెక్కడానికి పేరున్న ఊరు. చెక్కబొమ్మకి భయపడటమేంటని ధీమాగా కూర్చున్నా. మైకేల్ రెడ్‌గ్రేవ్ నటన చూశాక ఆ ధీమా కాస్తా పోయింది. పాత అద్దంలో తన గదికి బదులు వేరే గది కనపడే మనిషి కథ ఇంకోటి. అది చూసిన రోజు రాత్రి అద్దంలో తల దువ్వుకోవాలంటే ఆలోచిస్తారు.

నాకు మాత్రం మొదటి కథే ఇష్టం. ఆసుపత్రిలో ఉన్న ఒక కారు రేసర్ రాత్రిపూట కిటికీ తెర తీస్తే బయట పట్టపగలు. కింద శవాలను తీసుకెళ్లే గుర్రబ్బండి. లోపల ఒకరికి చోటుందని ఆ బండివాడు పిలుస్తాడు. డిశ్చార్జి అయ్యాక బస్టాపులో నిలబడితే, వచ్చిన బస్సు కండక్టరుది అచ్చం అదే మొహం, పిలుపూ అదే. అతను ఎక్కడు. ఆ తర్వాత బస్సుకి ఏమైందో మీరే చూడండి.

మొన్న ఎండాకాలం ఆత్మకూరులో పెద్దమ్మ వాళ్ల మిద్దె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఈ సినిమా చూశాం. పెద్దమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి నేను తెలుగులో చెబుతూ పోయా. బస్సు కథ అయిపోగానే ఆమె "కాస్త ఆపురా అబ్బయా" అంది.

పెదనాన్నకి ఉదయగిరిలో చిన్న అంగడి ఉండేది. రోజూ ఆఖరి బస్సుకి ఇల్లు చేరేవాడు. "ఆయన పొయ్యి తొమ్మిదేళ్లాయె. ఆ బస్సొచ్చే టైముకి ఇప్పటికీ నాకు గేటు గడియ తీసిన చప్పుడు వినపడతాది. లేచి లైటేసొస్తా" అంది పెద్దమ్మ. ఇన్నేళ్లలో ఆమె ఎవరితోనూ అనని మాట అది.

బెంగుళూరులో ఇంజినీరుగా చేసే మా అన్న, "గాలికి అయ్యుంటుందిలేమ్మా" అన్నాడు.

"గాలేలేరా. కానీ ఆ టైముకే ఎందుకొస్తాది?"

వాడు కాసేపాగి, "ఎన్నింటికమ్మా?" అన్నాడు. తొమ్మిదిన్నరకంట. అప్పటికి తొమ్మిదీ పది. తొమ్మిదిన్నర దాటేదాకా ఎవరూ ప్లే నొక్కలేదు. మాకు ఏ చప్పుడూ వినపడలేదు. పెద్దమ్మ మాత్రం లేచి కిందికెళ్లి లైటేసి వచ్చింది. మిగతా సినిమా ఆ తర్వాత చూశాం.

ఎనభై ఏళ్ల నాటి ఈ సినిమా బలం నాకక్కడే తెలిసింది. దెయ్యాలున్నాయా లేవా అనే గొడవ పెట్టుకోదు. ఒక మనిషి తన భయాన్ని బయట పెడితే, పక్కనున్నవాళ్లకి తమది చెప్పుకునే ధైర్యం వస్తుందని చూపిస్తుంది. సినిమాలో డాక్టరు ప్రతి కథకీ ఒక కారణం చెబుతాడు. కారణాలు కావాల్సిందే. కానీ అవి చెప్పడానికి ముందు అవతలివాళ్ల మాట పూర్తిగా వినాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, దుప్పట్లో దూరి ఒక్కరమే హారర్ చూసే మనకి ఆ అవకాశమే లేకుండా పోయింది.

క్లైమాక్స్ చెప్పను. ఒక్క క్లూ ఇస్తా. ఫ్రెడ్ హోయెల్, బాండీ, గోల్డ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ సినిమా చూసి, అది ముగిసిన తీరు గురించి మాట్లాడుకుంటూ విశ్వానికి మొదలూ చివరా లేకపోతే ఎలా ఉంటుందని ఆలోచనలో పడ్డారట. 1948లో వాళ్లు ప్రకటించిన స్థిర స్థితి సిద్ధాంతం వెనక ఈ ముచ్చట ఉంది. తర్వాత బిగ్ బ్యాంగ్ ముందు ఆ సిద్ధాంతం నిలబడలేదనుకోండి. సినిమా మాత్రం నిలబడింది.

ఈ ఆదివారం ఇంట్లోవాళ్లని పిలిచి టీవీకి పెట్టి చూడండి. మధ్యలో ఎవరైనా ఆపమంటే ఆపండి.