అమ్మమ్మ పేరు ఏ దస్త్రంలో ఉంది?

తండ్రి జైలుకెళ్తే ఇంట్లో తల్లి ఉంటుంది, సంసారం ఎలాగో ఈడుస్తుంది. తల్లే వెళ్తే ఇల్లు చెదిరిపోతుంది. పిల్లల్ని సర్కారు చూసుకుంటుందిలే అని మనం సరిపెట్టుకుంటాం. కానీ ఎన్నో ఇళ్లలో వాళ్లను చేరదీసేది పింఛను డబ్బులతో నెట్టుకొచ్చే అమ్మమ్మ. ఆమె చేసేది పనేనని ఒప్పుకునేవాళ్లు లేరు.

జైల్లో ఉన్న తల్లుల పిల్లల విషయమై 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో తీర్పిచ్చింది. అందులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఆరేళ్లు వచ్చేదాకా బిడ్డ జైల్లో తల్లి దగ్గర ఉండొచ్చు. తర్వాత తల్లి కోరినవాళ్లకు అప్పగించాలి, లేదా సంక్షేమ శాఖ హోమ్‌కు పంపాలి. హోమ్‌లో ఉన్న పిల్లలు వారానికి ఒక్కసారైనా తల్లిని చూడాలని, వాళ్లను జైలుకు తీసుకొచ్చే ఏర్పాటు శాఖే చేయాలని కోర్టు చెప్పింది. ఎంతో దయగల మాట. మరి అమ్మమ్మ దగ్గర పెరిగే బిడ్డను చంచల్‌గూడకో, రాజమండ్రికో ఎవరు తీసుకురావాలి? ఆమే. ములాఖత్ రోజున కూలి పోగొట్టుకుని, ఊరి నుంచి బస్సెక్కి. ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది, సంతోషం. ఐదేళ్లు దాటిన మనవడికి మాత్రం అర టికెట్టు కొనాల్సిందే.

డబ్బు సంగతి ఇంకా బాధాకరం. ఫోస్టర్ కేర్ అంటే బిడ్డను సొంత కుటుంబం కాని మరో కుటుంబంలో ఉంచడమని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. అలా పెంచే కుటుంబానికి మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు రూ. 4,000 సాయం ఉంది. రక్తసంబంధమే అమ్మమ్మకు అడ్డొచ్చింది! స్పాన్సర్‌షిప్ అనే మరో దారి ఉంది. కానీ దానికి అర్హులుగా చట్టం పేర్కొన్నవాళ్లలో వితంతువులైన తల్లులున్నారు, బంధువుల దగ్గర పెరిగే అనాథలున్నారు, ప్రాణాంతక వ్యాధిగ్రస్తులైన తల్లిదండ్రులున్నారు, ప్రమాదంలో దెబ్బతిన్న తల్లిదండ్రులున్నారు. జైల్లో ఉన్న తల్లి ప్రస్తావన లేదు. ఆ జాబితాకు బయట కూడా ఇవ్వడానికి వీలుంది, నిజమే. ఆ వీలుందని అమ్మమ్మకు చెప్పేదెవరు?

చదువు, జ్వరం, రాత్రిళ్లు ‘అమ్మ ఎప్పుడొస్తుంది’ అనే ప్రశ్న, బడిలో తోటిపిల్లల మాటలు, అన్నీ ఆమే మోస్తోంది. ఆమె లేకపోతే ఆ బిడ్డ హోమ్‌లోనే ఉండేవాడు, ఖర్చంతా ప్రభుత్వానిదే అయ్యేది. ఆ మిగులు ఎవరి చాకిరీ వల్ల వచ్చిందో ఒక్కసారైనా లెక్క చూడండి.

బిడ్డను ఎవరికి అప్పగించాలో తల్లి జైలు అధికారులకు చెప్పిన రోజే ఆ పేరు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి చేరాలి. అక్కడి సిబ్బందే అమ్మమ్మ ఇంటికి వెళ్లి కాగితాలు పూర్తిచేయాలి. నెలనెలా ఆ నాలుగు వేలు, ములాఖత్‌కు దారి ఖర్చులు ఆమె ఖాతాలో పడాలి. ఆఫీసుల చుట్టూ ఆమెను తిప్పకండి.