నేపాలు నూనె, ఎవరి గింజ?

పెద్దకొడప్‌గల్ మండలంలో సోయా పండించిన రైతు తన పంటను ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో కాంటా వేయించుకోవాలంటే ముందుగా ఆ గింజ పుట్టుకను రుజువు చేసుకోవాలి. పట్టాదారు పాసుపుస్తకం చూపాలి. వ్యవసాయ విస్తరణాధికారి చేసిన పంట నమోదులో అతని సర్వే నంబరు, విస్తీర్ణం ఉండాలి. ఆ తరువాత తేమ శాతం చూస్తారు. సరిహద్దు దగ్గరి మండలం కనుక, దేగ్లూరు వైపు పండిన గింజ ఇక్కడి కాంటాకు రాకూడదన్నది ఇందులోని ఉద్దేశం. ఆ ఉద్దేశం తప్పని నేననను. నా ప్రశ్న వేరు. ఒక బస్తా గింజకు ఇంత పుట్టుక విచారణ అవసరమైనప్పుడు, బీహారు సరిహద్దులోని రక్సౌల్, జోగ్బనీల గుండా దేశంలోకి వచ్చే సోయా నూనె ట్యాంకరుకు అదే పట్టుదలతో విచారణ ఎందుకు జరగదు?

విషయం తెలియని వారి కోసం కొంత వివరిస్తాను. దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, అంటే సాఫ్టా, 2004లో ఇస్లామాబాదులో కుదిరి 2006 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. ఇందులో నేపాలు వంటి వెనుకబడిన దేశాల సరుకును, మద్యం, పొగాకు వంటి కొద్దిపాటి మినహాయింపులతో, భారతదేశం సుంకం లేకుండా రానిస్తుంది. అయితే ఆ సరుకు ఆ దేశానిదే అయి ఉండాలి. బయటి ముడిసరుకుతో తయారైనదైతే దాని విలువలో కనీసం నూటికి 30 వంతులు అక్కడ చేరి ఉండాలి. ఇదే ఉద్భవ నియమం. పేద పొరుగువాడికి మన అంగట్లో చోటివ్వడం మంచి ఆలోచనే. ఆ చోటులో కూర్చున్నది ఎవరన్నదే చూడవలసినది.

నేపాలులో సోయా లేకపోలేదు. 'భట్మాస్' అని పిలుస్తారు. కొండ పొలాల గట్ల మీద కొద్దిగా వేసుకొని, వేయించుకొని తింటారు. ఇండియాకు లక్షల టన్నుల నూనె పంపగల పంట మాత్రం అక్కడ లేదు. మరి ఆ నూనె ఎక్కడిది? అర్జెంటీనా, బ్రెజిల్ వంటి దేశాల ముడినూనె మన రేవులలోనే దిగి, మన భూమి మీదుగానే నేపాలు చేరుతుంది. బీర్‌గంజ్, విరాట్‌నగర్ పరిసరాల మిల్లులలో రంగు, వాసన పోగొట్టుకొని తిరిగి మన దేశానికే వస్తుంది. వెళ్ళినప్పుడు అర్జెంటీనాది, వచ్చినప్పుడు నేపాలుది! ఇంతకు ముందు ఈ దారిలో పామాయిలు వచ్చేది. 2020 జనవరిలో శుద్ధి చేసిన పామాయిలు దిగుమతిపై భారతదేశం ఆంక్ష పెట్టగానే ఆ స్థానంలోకి సోయా నూనె వచ్చి చేరినది.

ఇక ఆ 30 వంతుల విలువ సంగతి. లెక్క సులువు కోసం ముడినూనె ధర 100 రూపాయలనుకుందాం. 2024 సెప్టెంబరు 14 తరువాత మన మిల్లు దాని మీద 27 రూపాయల 50 పైసల సుంకం కట్టవలసి వచ్చినది. శుద్ధి ఖర్చు 5 రూపాయలు వేసుకుంటే 132 రూపాయల 50 పైసలు. నేపాలు మిల్లుకు అక్కడి తక్కువ సుంకం, రవాణా, శుద్ధి అన్నీ కలిపి 115 పడిందనుకుందాం. 130కి అమ్మినా మన మిల్లు కన్న చౌకే. కాగితం మీద ఆ నూనె విలువ 130. అందులో విదేశపు ముడిసరుకు 100. మిగిలిన 30 నేపాలులో చేరిన విలువగా కనిపిస్తుంది. అందులో సగం యంత్రం చేసిన పని కాదు, కూలీ చెమట కాదు; మన సుంకపు గోడ ఎత్తు మాత్రమే. అంత చేసినా అది 130లో నూటికి 23 వంతులే. తక్కిన 7 వంతులు ఎలా సమకూరుతున్నవో అడగవలసినవారు కస్టమ్స్ అధికారులు. అడిగే అధికారం వారికి 2020 సెప్టెంబరు 21 నుండి అమలైన ఉద్భవ నియమాల నిర్వహణ నిబంధనలు ఇచ్చే ఉన్నవి.

ఇది కొత్త కథ కూడ కాదు. 1996 నాటి భారత నేపాలు వాణిజ్య ఒప్పందం విలువ చేర్పు షరతును తీసివేసినది. వెంటనే బయటి పామాయిలుతో చేసిన వనస్పతి నేపాలు సరుకుగా మన మార్కెట్టును ముంచెత్తినది. 2002లో ఒప్పందాన్ని పొడిగించినప్పుడు షరతును తిరిగి తెచ్చి, వనస్పతికి ఏడాదికి లక్ష టన్నుల హద్దు పెట్టవలసి వచ్చినది. అనగా రోగమూ తెలుసు, మందూ తెలుసు. డబ్బా మీద పేరు వనస్పతి నుండి పామాయిలుకు, పామాయిలు నుండి సోయాకు మారినంత మాత్రాన రోగం కొత్తదవుతుందా?

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ వాదాన్ని నేపాలు మీద కోపంగా మార్చేవారితో నాకు పొత్తు లేదు. సముద్రం లేని దేశపు అవస్థ మనకు తెలియనిది కాదు. పెద్దకొడప్‌గల్ కూడ 1948 వరకు సముద్రం లేని హైదరాబాదు రాజ్యంలోని ఊరే. 1802లో ఈస్టిండియా కంపెనీతో కుదిరిన వాణిజ్య ఒప్పందం నిజాముకు మచిలీపట్నం రేవు వాడుకొనే వీలు చూపుతూనే, అతని సుంకాన్ని నూటికి 5కు కట్టివేసినది. పెద్ద పొరుగువాడు వ్రాసే ఒప్పందంలో ఇచ్చే చేయి, పట్టుకొనే చేయి రెండూ ఉంటాయి. 1989లో ఒప్పందాల గడువు ముగిసినప్పుడు భారతదేశం రెండు దారులు తప్ప మిగిలినవన్నీ మూసివేసినది. 2015లో సరిహద్దు స్తంభించినప్పుడు నేపాలు ఇళ్ళలో గ్యాసుకు, ఆసుపత్రులలో మందులకు కటకట వచ్చినది. ఆ దేశాన్ని మళ్ళీ శిక్షించమని అడిగేవారు చరిత్ర చదవనివారు.

అసలు ఈ నూనె వ్యాపారంలో నేపాలు రైతుకు దక్కినదేమిటి? అతని భట్మాసును కొన్నవారెవరు? లాభం సుంకాల మధ్య సందులో నిలబడినవారిది, సరిహద్దుకు ఇరువైపులా.

ఆ సందును తవ్వినది ఖాట్మండు కాదు, ఢిల్లీ. 2024 సెప్టెంబరులో నూనెగింజల రైతును ఆదుకోవడానికని ముడినూనె సుంకాన్ని 5.5 నుండి 27.5 శాతానికి, శుద్ధి నూనె సుంకాన్ని 13.75 నుండి 35.75 శాతానికి ఒక్కసారిగా పెంచారు. గోడ ఎత్తుగా కట్టి పెరటి తలుపు తెరిచి ఉంచారు. ఆ సీజనులో సోయా మద్దతు ధర క్వింటాలుకు 4,892 రూపాయలు. బహిరంగ మార్కెట్టు ధర దానికి దిగువనే ఉండిపోయినది. మద్దతు ధర పథకంలో కేంద్రం కొనేదానికి సాధారణంగా ఉత్పత్తిలో నాల్గవ వంతు హద్దు. తక్కినది అడ్తిదారు చెప్పిన ధరకే. 2025లో మద్దతు ధరను 5,328కి పెంచారు. అదే ఏడాది మే 30న, రైతు విత్తనం కొనే వేళకు, ముడినూనె సుంకాన్ని 16.5 శాతానికి దించారు. ఒక చేత్తో ధర ప్రకటించి మరొక చేత్తో ఆ ధరకు ఆధారమైన గోడను దించడం ఏ విధానమో పెద్దలు చెప్పాలి.

ఆక్షేపణలు ఉన్నవి. మొదటిది, నూరు కిలోల సోయాలో నూనె 18 కిలోలే, మిగిలినదంతా దాదాపు పిండి, కనుక ధర పడడానికి పిండి గిరాకీ తగ్గడమే కారణమంటారు. నిజమే, అదీ ఒక కారణం. కాని రెండు కాళ్ళకూ దెబ్బ తగిలినవాడికి ఒక కాలికే కట్టు చాలునంటామా? రెండవది, మన వంటనూనెల దిగుమతి ఏడాదికి సుమారు 160 లక్షల టన్నులు, అందులో నేపాలు పాలు ఏపాటిదంటారు. ధరను నిర్ణయించేది మొత్తం సరుకు కాదు. అన్నింటికన్న చౌకగా అమ్ముతామని ముందుకు వచ్చే సరుకు. మూడవది, పేదవాడికి నూనె చౌకగా దొరుకుతుంది కదా అంటారు. పై లెక్క మరొకసారి చూడండి. కొనేవాడికి తగ్గినది రెండున్నర రూపాయలు; ఖజానాకు పోయినది ఇరవై ఏడున్నర.

చేయవలసినవి నాలుగు. నేపాలులో పండిన గింజను అక్కడే గానుగాడి తీసిన నూనెకు ఏ హద్దూ లేకుండా తలుపు తెరవాలి. బయటి ముడినూనెను శుద్ధి మాత్రమే చేసినదానికి 2002 నాటి వనస్పతి వలె ఏటా ఇంతేనని హద్దు పెట్టాలి. నూనె సుంకాలను జూన్ విత్తుకు ముందే ప్రకటించి, పంట అమ్ముడయ్యే వరకు కదపకూడదు. దీనికి ప్రతిగా నేపాలు అల్లానికి, పెద్ద యాలకులకు, తేయాకుకు మన సరిహద్దు పరీక్షల పేరిట కలిగే ఆలస్యాన్ని తొలగించాలి. అవి అక్కడి రైతు చేతి పంటలు. పొరుగు దేశానికి మేలు చేయాలనుకుంటే ఆ చేతికి చేయాలి.

కాంటా దగ్గర పెద్దకొడప్‌గల్ రైతును అడిగే ప్రశ్న న్యాయమైనదే: ఈ గింజ ఎవరి పొలంలో పండింది? రక్సౌల్ దగ్గర కూడ అదే ప్రశ్న అడగమంటున్నాను. రైతుకు ఒక న్యాయం, ట్యాంకరుకు మరొక న్యాయం ఎంత కాలం?