అరకు కాఫీ పేరుకు విలువెంత? కంపెనీ లెక్కల్లో చూస్తే సున్నా!

ముంచింగిపుట్టు: నవంబర్ వచ్చిందంటే ఈ కొండల్లో కాఫీ పళ్లు ఎర్రబడతాయి. బుట్ట కట్టుకుని తోటలోకి దిగేది ఎక్కువగా ఆడవాళ్లే. పచ్చికాయ వదిలేసి, పండినదాన్నే చూసి కోయాలి. కప్పులో రుచి సగం అక్కడే తేలిపోతుంది. మరి ఆ చేతి నేర్పుకు కంపెనీ లెక్కల్లో చోటుందా? లేదు.

పేరు మాత్రం బాగానే వచ్చింది. 2017లో ప్యారిస్‌లో అరకు కాఫీ షాపు తెరుచుకుంది. 2019 మార్చిలో అరకు వ్యాలీ అరబికాకు జీఐ ట్యాగ్ దక్కింది. 2025లో పార్లమెంట్ ఆవరణలోనూ స్టాల్ పెట్టారు. అయినా పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 38 ప్రకారం గానీ, చిన్నవాటికి వర్తించే ఏఎస్ 26 ప్రకారం గానీ సొంతంగా పెంచుకున్న బ్రాండ్‌ను ఆస్తిగా చూపకూడదు.

అదే పేరును డబ్బిచ్చి కొంటే? అప్పుడది ఆస్తే! హిందుస్థాన్ యూనిలీవర్ 2020లో హార్లిక్స్ బ్రాండ్‌ను రూ.3,045 కోట్లకు కొంది. మన రాజమండ్రిలో ఫ్యాక్టరీ ఉన్న హార్లిక్సే. కొన్న పేరు పుస్తకాలకెక్కింది. ఊరి ఆడవాళ్లు ఏళ్ల తరబడి నిలబెట్టిన పేరు ఎక్కదు. జీఐ సంగతి ఇంకా వేరు. దాన్ని అమ్మడానికీ, తాకట్టు పెట్టడానికీ 1999 నాటి చట్టమే ఒప్పుకోదు. ఒకందుకు మంచిదే, ఎవరూ ఎగరేసుకుపోలేరు. కానీ అప్పు కోసం బ్యాంకుకెళ్తే పల్పింగ్ మిషన్, గోదాంలో సరుకు.. ఇవే లెక్కలోకొస్తాయి.

ఇక పెత్తనం ఎవరిది? 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలంది. టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలైతే బోర్డులో, కీలక పదవుల్లో ఆడవాళ్లు ఎంతమందో సెబీకి ఏటా చెప్పాల్సిందే. హార్లిక్స్ కొన్న హిందుస్థాన్ యూనిలీవర్‌కే 2025 ఆగస్టులో తొలి మహిళా సీఈఓగా ప్రియా నాయర్ వచ్చారు.

రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దగ్గరకొస్తే ఈ రూల్ ఆగిపోతుంది. చట్టం దాన్ని ప్రైవేట్ కంపెనీ కింద లెక్కేస్తుంది. అంటే ఐదుగురు డైరెక్టర్లూ మగవాళ్లే అయినా తప్పు కాదు. పళ్లు కోసేది ఒకరు, బేరం ఖరారు చేసేది ఇంకొకరు అన్నమాట!

చాలామంది గమనించని విషయం ఒకటుంది. సభ్యత్వానికి భూమి పట్టా ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. పంటకు సంబంధించిన ఏ పని చేసినా 'ఉత్పత్తిదారు' కిందే లెక్క. కోసే మనిషి, ఆరబెట్టే మనిషి కూడా సభ్యులు కావచ్చు, బోర్డుకు పోటీ చేయొచ్చు. ఎంతమంది ఆడవాళ్లు గ్రేడింగ్ నేర్చుకున్నారో, ఎవరి సరుకుకు మంచి రేటు వచ్చిందో బోర్డు వార్షిక నివేదికలో రాయడానికి కూడా ఏ అకౌంటింగ్ రూలూ అడ్డు చెప్పదు.