ఇంటి దగ్గరే ఉగ్రవాదాన్ని అధ్యయనం చేయవచ్చునా?

స్వయంగా చదువుకుంటున్న మీకు పై చదువుల మీద కూడా ఆసక్తి ఉండే ఉంటుంది. ఈనాడు పోస్టుగ్రాడ్యుయేట్ స్థాయిలో దూరవిద్య ద్వారా చదవడానికి వీలున్న విషయాలలో ఉగ్రవాద విశ్లేషణ ఒకటి. స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం 1994లో ఇందుకోసం ఒక అధ్యయన కేంద్రాన్ని నెలకొల్పి, తరువాత దూరవిద్యా కోర్సులు కూడా ప్రవేశపెట్టింది. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం ఉగ్రవాద విశ్లేషణలో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ కోర్సును ఆన్‌లైన్‌లో నడిపింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం 2013లో ఎవరైనా చేరదగిన ఆన్‌లైన్ కోర్సును మొదలుపెట్టింది.

"బాంబు దాడుల సంగతి ఇంట్లో కూర్చుని ఏం నేర్చుకుంటారు? అది పోలీసుల పని కదా!" అని కొందరు అంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. నేరస్థలాన్ని పరిశీలించడం, సాక్షులను విచారించడం పుస్తకాల వల్ల వచ్చేవి కావు. కాని విశ్లేషణ వేరు, దర్యాప్తు వేరు. మాటకు అర్థం నిర్ణయించడం, లెక్కలను పరీక్షించడం, ఒక నిర్ణయానికి రావడానికి తగిన ఆధారం ఉందా అని అడగడం విశ్లేషకుని పని. దీనికి ఇల్లు అడ్డు కాదు. తొందరపాటే అడ్డు. ఎలాగో చూద్దాం.

మొదట మాట సంగతి. మన పత్రికలలో ఉగ్రవాది, తీవ్రవాది, మిలిటెంట్ అనే మాటలు మీరు చదివే ఉంటారు. వీటి మధ్య తేడా ఏమిటో ఒక్క వాక్యంలో రాయడానికి ప్రయత్నించండి. అది ఎంత కష్టమో మీకే తెలుస్తుంది. అలెక్స్ ష్మిడ్ అనే పండితుడు 1980లలో ఉగ్రవాదానికి ఉన్న 109 నిర్వచనాలను సేకరించి పోల్చి చూశాడు. అంతర్జాతీయ ఉగ్రవాదంపై సమగ్రమైన ఒప్పందం కావాలని భారతదేశం 1996లో ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది. నిర్వచనం దగ్గరే పేచీ వచ్చి అది ఇప్పటికీ ఆమోదం పొందలేదు. కనుక ఎవరైనా "ఉగ్రవాదం పెరిగింది" అన్నప్పుడు, "ఏ నిర్వచనం ప్రకారం?" అని అడగడం మీరు నేర్చుకోవలసిన మొదటి పాఠం.

రెండవది లెక్కల సంగతి. మేరీలాండ్ విశ్వవిద్యాలయం 1970 నుంచి జరిగిన ఘటనలతో ప్రపంచ ఉగ్రవాద సమాచార నిధిని తయారుచేసింది. ఇందులో రెండు లక్షలకు పైగా ఘటనలు ఉన్నాయి. కాని ప్రధాన పట్టికలో 1993 సంవత్సరం లేదు. మొదట ఈ సమాచారాన్ని సేకరించిన ప్రైవేటు సంస్థ దగ్గరే, కార్యాలయం మార్చేటప్పుడు, ఆ ఏటి కాగితాలు పోయాయి. తరువాత వెతికి కొంత రాబట్టి విడిగా ఉంచారు గాని అది అసంపూర్ణమే. 1993 మార్చి 12న బొంబాయిలో వరుస పేలుళ్లు జరిగి 257 మంది మరణించారన్న సంగతి మనకు తెలుసు. ఈ లోపం తెలియకుండా రేఖాపటం గీసిన విద్యార్థికి మాత్రం ఆ సంవత్సరం ప్రపంచమంతా ప్రశాంతంగా ఉన్నట్లు కనిపిస్తుంది! పట్టిక అబద్ధం చెప్పలేదు. పట్టిక కింద రాసిన వివరణను విద్యార్థి చదవలేదు. అంతే తేడా.

మూడవది, అన్నింటికంటే ముఖ్యమైనది, తొందరపాటు వల్ల కలిగే నష్టం. 2007 మే 18న హైదరాబాదులోని మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది మరణించారు. ఆ తరువాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరి ఐదుగురు మరణించారు. వెంటనే కొన్ని పేర్లు, కొన్ని కథనాలు ప్రచారంలోకి వచ్చాయి. అనేకమంది యువకులను నిర్బంధించారు. వారిపై పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు. తరువాత దర్యాప్తు పూర్తిగా వేరే దిక్కుకు మళ్లింది. ఆ కేసులో విచారణకు వచ్చిన ఐదుగురిని కూడా ప్రత్యేక న్యాయస్థానం 2018 ఏప్రిల్‌లో, సాక్ష్యం చాలదని, విడుదల చేసింది. చనిపోయినవారి కుటుంబాలకు న్యాయం దొరకలేదు. నిర్బంధంలో గడిపిన రోజులు ఆ యువకులకు తిరిగి రాలేదు. మొదటి రోజున వినిపించే కథనాన్ని ఊహగానే ఉంచుకొని, ఆధారం కోసం ఆగగలిగినవాడే నిజమైన విశ్లేషకుడు.

ఇంటి దగ్గర చదివేవారికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది కూడా ఉంది. ఈ విషయంలో అప్పుడప్పుడు ఉగ్రవాద సంస్థల రాతలనే చదవవలసి వస్తుంది. 2008లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరు తన పరిశోధన కోసం అల్-ఖైదా శిక్షణ పుస్తకాన్ని ఇంటర్నెట్ నుంచి తీసుకున్నారు. అది అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులోనే ఉన్నది. అయినా పోలీసులు ఆయనను అరెస్టు చేసి, కొన్ని రోజుల తరువాత ఏ కేసూ లేకుండా వదిలారు. 2011లో నష్టపరిహారం చెల్లించారు. విశ్వవిద్యాలయంలో ఉన్న విద్యార్థికే ఇంత ఇబ్బంది కలిగితే, ఊళ్లో ఒంటరిగా చదివే మీ మాటేమిటి? పర్యవేక్షించే అధ్యాపకుని పేరు, ఆయన అనుమతి రాతపూర్వకంగా మీ దగ్గర ఉండాలి. అవి లేకుండా అటువంటి రాతల జోలికి పోవద్దు.

కనుక కోర్సులో చేరే ముందు మూడు సంగతులు విచారించండి. మీ పనిని చదివి, తప్పులు దిద్ది పంపే అధ్యాపకుడు ఉన్నాడా? పాఠ్యాంశాలలో శ్రీలంక, పాకిస్తాన్, కాశ్మీరు, ఈశాన్య రాష్ట్రాలు తగినంతగా ఉన్నాయా, లేక పాశ్చాత్య దేశాల అనుభవమే ఉందా? మన దేశంలో ఆ పట్టాకు గుర్తింపు ఉందా? మూడవ ప్రశ్నకు జవాబును ప్రకటనలలో కాక యు.జి.సి. జాబితాలో చూసుకోండి. వీటికి సరైన జవాబులు దొరికితే నిస్సంకోచంగా చేరండి. భయంతోను, కోపంతోను మాట్లాడేవారు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఆగి, లెక్క చూసి మాట్లాడేవారే తక్కువ. ఆ కొద్దిమందిలో మీరూ ఒకరు కావచ్చు.

ఆలోచించండి
1. ఒకే ఘటనను రెండు పత్రికలు ఏ ఏ మాటలతో వర్ణించాయో పోల్చి రాయండి.
2. ఒక పట్టికలో ఒక సంవత్సరం ఖాళీగా ఉంటే, దానికి ఎన్ని కారణాలు ఉండవచ్చు?