నాలుగవ దిక్పాలకుడు

నాలుగు దిక్కులను కాచు చతుర్మహారాజుల భావన బౌద్ధముతోపాటు మన దేశమునుండియే తూర్పునకు పోయి, జపానులో ‘షితెన్నో’ యను పేర స్థిరపడినది. ఏ రంగమందైనను నలుగురు ఉద్దండులు ఒక్కమారు తలయెత్తినచో అచ్చటివారు వారికి ఆ బిరుదమునే తగిలింతురు. 1990 దశకమున ఆల్ జపాన్ ప్రో రెజ్లింగ్ సంస్థలో మిత్సుహారు మిసావా, తోషియాకి కవాదా, కెంటా కొబాషి, అకిరా తవుయే అను నలుగురు మల్లులకు ఆ గౌరవము దక్కినది. మొదటి మువ్వురి పేర్లను అభిమానులు నిద్రలో లేపి యడిగినను చెప్పుదురు. నాలుగవ పేరు వచ్చుసరికి ఒక చిన్న తడబాటు. పిమ్మట, “ఆఁ, తవుయే కూడ” అను మాట. ఈ ‘కూడ’ యనునది అన్యాయమని నా అభిప్రాయము.

ఆ తడబాటునకు కారణములు లేకపోలేదు. సంస్థ యొక్క అత్యున్నత పట్టమైన ట్రిపుల్ క్రౌన్ మిసావా, కవాదాలకు ఐదేసి మారులు, కొబాషికి మూడు మారులు దక్కగా, తవుయేకు దక్కినది ఒక్కమారే. అదియు 1996 మే 24న సప్పొరోలో మిసావాను ఓడించి సంపాదించి, సరిగా రెండు నెలలకు, జూలై 24న, టోక్యో బుడోకాన్‌లో కొబాషికి అప్పగించినాడు. 192 సెంటీమీటర్ల నిలువు, వ్రేలాడు చేతులు, ఎఱ్ఱని లాగు, ఏమియు పట్టనట్టి ముఖము. కొన్ని రాత్రులందు అతడు పనికి వచ్చిన వానివలె గాక, పని ముగించుకొని యింటికి పోవు వానివలె బరిలో నడచెననినచో నేను కాదనజాలను.

కాని ఇచ్చటనే ఒక తర్కదోషము పొంచియున్నది. గెలుపోటములు ముందుగనే నిశ్చయింపబడు ఈ విద్యలో పట్టాభిషేకములను లెక్కించి ప్రజ్ఞను తూచుట, నాటకమున రాజు వేషము కట్టినవాడే ఉత్తమనటుడనుట వంటిది. ఏలిన దినములు యజమాని నిర్ణయము. బరిలో నిలిచి, ఎదుటివాని దెబ్బకు అర్థము కల్పించుట మల్లుని విద్య. ఆ విద్యలో తవుయే ఎవరికిని తీసిపోయినవాడు కాడు.

1961లో సైతామా ప్రాంతమునందలి చిచిబులో జన్మించిన తవుయే తొలుత సుమో మల్లుడు. 1980లో అందు ప్రవేశించి, తమకిరిన్ అను పేరుతో, మల్లునకు జీతము మొదలగు జూర్యో శ్రేణి దాక ఎక్కి, 1987లో ఆ లోకమును విడిచెను. మరుసటి యేడు జనవరిలో జెయింట్ బాబా సంస్థయగు ఆల్ జపాన్‌లో బరి నెక్కెను. సుమోలో నేలను తాకుటయే ఓటమి. ఇచ్చట పడుట నేర్చుటయే ప్రథమపాఠము. ఇరువదియాఱేండ్ల భారీకాయునకు ఆ రెండవ అక్షరాభ్యాసము సులభమై యుండదు. అయినను పాతవిద్యను అతడు పాఱవేయలేదు. ప్రత్యర్థి కంఠము క్రింద అరచేయి మోపి నెట్టుటను సుమోలో ‘నొదోవా’ యందురు; తవుయే ఆ పట్టుతోనే మనిషిని నిలువున పైకెత్తి వెల్లకిల విసరికొట్టుటను తన ముద్రగా చేసికొనెను.

ఆల్ జపాన్ అగ్రమల్లుడగు జంబో త్సురుతాకు సహచరుడుగా తవుయే ఎదుగుచున్న కాలమున, 1992లో త్సురుతా కాలేయవ్యాధిచే వెనుకకు తగ్గవలసివచ్చెను. మరుసటి యేడు తవుయే తన పాతవైరి కవాదాతోనే చేయి కలిపెను. ‘సెయికిగున్’, అనగా పుణ్యరాక్షస సేన యని పేరొందిన ఈ జంట ప్రపంచ జంట పట్టమును ఆఱుమారులు గెలిచినది.

1995 జూన్ 9న బుడోకాన్‌లో ఈ జంట చేసిన పోరు తవుయే విద్యకు సాక్ష్యము. ఎదుట మిసావా, కొబాషి. ఏప్రిలులోనే మిసావా కంటిగూటి ఎముక చిట్లియుండెను. కొబాషి కాలు గాయపడియుండెను. నలువది నిమిషములు మించి సాగిన ఆ యాటలో, కొబాషి తన శరీరమునే కవచముగా మిసావాపై పఱచి దెబ్బలు కాచుకొన్న ఘట్టమును నేటికిని అందఱు తలంతురు. కవాదా మొట్టమొదటిసారి మిసావాను అదిమిపట్టి గెలిచిన ముగింపును తలంతురు. బరి అంచుమీద నిలిచి మిసావాను కంఠము పట్టి యెత్తి క్రింది నేలపైకి పడవైచిన ఎఱ్ఱలాగు మనిషిని మాత్రము ఎవరును ముందుగా తలపరు. కరుణరసము పండుటకు భయానకము ఎదుట నిలువవలె గదా! కొబాషి త్యాగమునకు విలువ వచ్చినది, ఆ పొడవాటి చేతులు నిజముగా ప్రాణాంతకములని ప్రేక్షకుడు నమ్మినందువలననే. కచేరిలో గాయకుని మెచ్చుకొని మృదంగమును మఱచు శ్రోతల పాపమే ఇదియు.

1996 మాత్రము తవుయేదే: చాంపియన్ కార్నివాల్ పోటీలో విజయము, ట్రిపుల్ క్రౌన్, సంవత్సరాంతమున కవాదాతో కలిసి జంటల లీగు. 2000లో సంస్థ చీలినప్పుడు కవాదా నిలిచిపోగా, తవుయే మిసావా వెంట నోవా సంస్థకు తరలెను. 2005 నవంబరు 5న, నలువదినాలుగేండ్ల వయస్సున, తకేషి రికియోను ఓడించి అచ్చటి ప్రధాన పట్టమును గెలిచెను. 2009 మార్చిలో నోవాకు టెలివిజన్ ప్రసారము ఆగిపోయినది; జూన్ 13న హిరోషిమా బరిలో కూలి మిసావా మరణించెను. ఆ గడ్డుకాలమున అధ్యక్షపీఠ మెక్కుటకు పోటీపడదగిన ఆకర్షణ ఏమియు లేదు. దానిని మోసినవాడు తవుయే. అధ్యక్షుడుగా అతడు అద్భుతములు చేసెనని నేననను.

2013 డిసెంబరు 7న టోక్యోలోని అరియాకే కొలీసియంలో తవుయే విరమించెను. 2018లో కడుపున కర్కటవ్యాధికి శస్త్రచికిత్స జరిగెను. విరమణానంతరము అతడు త్సుకుబా నగరమున ఒక స్టేక్ భోజనశాల తెరచెను. దానికి పెట్టుకొన్న పేరు ‘చాంప్’.