కంప్యూటరును మన కనువుగ దిద్దుకొనుట



క్రొత్త కుట్టుమిషను ఇంటికి వచ్చిన దినమున మన మేమి చేయుదుము? పీట యెత్తు సరిచూచుకొందుము. దారపు బిగువు సవరించుకొందుము. కుట్టు పొడవు మనకు వలసినట్లు త్రిప్పుకొందుము. అంగడినుండి వచ్చిన రీతినే కుట్టవలెనని యెవరును ఊరకుండరు. కాని కంప్యూటరు విషయమున మాత్రము మనలో పెక్కండ్రు దానిని వచ్చినది వచ్చినట్లే యుంచి, అక్షరములు కనబడకున్నచో తమ కన్నులదే దోషమనియు, చేయి తడబడినచో తమ తెలివిదే లోపమనియు తలచుచున్నారు. ఈ మాసమున ఈ సంగతినే ముచ్చటింపదలచితిమి.

మే మెఱిగిన యొక పెద్దమ్మగారు కలరు. వయస్సు అఱువది దాటినది. దూరదేశమున నున్న కుమార్తె కంప్యూటరు ద్వారమున జాబులు వ్రాయుచుండెడిది. అక్షరములు చీమలవలె కనబడుటచే పెద్దమ్మగారు వానిని మనుమనిచేత చదివించుకొనెడివారు. ఒకనాడు కుమార్తె తన కాపురమందలి కష్ట మొకటి తల్లికి మాత్రమే తెలియవలెనని వ్రాసినది. పిల్లవాడు పాప మెఱుగక, చావడిలో నలుగురి యెదుట దానిని గొంతెత్తి చదివెను. విషయము తెలిసిన పిదప ఆమె జాబులు వ్రాయుటయే మానుకొన్నది. ఒక్క గుండీని కుడివైపునకు జరిపియుండినచో ఆ తల్లికూతుండ్ర నడుమ ఇట్టి అడ్డుగోడ లేచియుండెడిది కాదు.

ఆ గుండీ యెచ్చట నున్నదో చెప్పెదము. ఇచట చెప్పున దంతయు విండోస్ 11 గల యంత్రములనుగూర్చి. విండోస్ 10 నందు పేర్లు కొంచెము మాఱును. దానికి మైక్రోసాఫ్టువారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది గనుక, అది గలవారు క్రొత్తదానికి మాఱుట మేలు.

కీబోర్డుపై విండోస్ గుఱుతు గల మీటను నొక్కిపట్టి, 'ఐ' అక్షరపు మీటను నొక్కుడు. సెట్టింగ్సు తెఱచుకొనును. అందు 'యాక్సెసిబిలిటీ' యను శీర్షిక క్రింద 'టెక్స్ట్ సైజ్' అని యున్నది. అచట నొక గీతయు, దానిపై జరుగు గుండీయు కనబడును. దానిని కుడివైపునకు జరిపినకొలది అక్షరములు పెరుగును. నూటికి 100 మొదలు 225 వఱకు పెంచుకొనవచ్చును. పిదప 'అప్లై' అనుదానిని నొక్కుట మఱవరాదు. అక్షరములేగాక బొమ్మలును పెద్దవి కావలెనన్నచో, 'సిస్టమ్'లోని 'డిస్‌ప్లే'కు పోయి, 'స్కేల్' అనుచోట 125గాని 150గాని యెంచుకొనవలెను.

ఇచట నొక పొరపాటు సాధారణముగ జరుగుచుండును. కొందఱు అక్షరములు పెంచుటకై 'రిజల్యూషన్' తగ్గింతురు. అట్లు చేసినచో అక్షరములు పెరుగునుగాని, తడిసిన కాగితముపై సిరావలె మసకబాఱును. 'రికమెండెడ్' అని వ్రాసియున్నదానినే యుంచుడు. ఎఱుగక మార్చినను భయము వలదు. ఈ మార్పు ఉంచవలెనా యని యంత్రమే యడుగును. మీరేమియు నొక్కక యూరకున్నచో 15 సెకండ్లలో తనంతట తానే పూర్వస్థితికి వచ్చును. ముట్టుకొన్నంతమాత్రమున యంత్రము చెడునను భయమును ఈ యొక్క సంగతియైనను పోగొట్టవలెను.

రాత్రివేళ తెర వెలుగు కన్నులకు గ్రుచ్చుచున్నచో, 'డిస్‌ప్లే'లోనే 'నైట్ లైట్' కలదు. అది తెరలోని నీలపు ఛాయను తగ్గించి, దీపకాంతివలె పసుపు రంగు నిచ్చును. ప్రొద్దుక్రుంకినది మొదలు తెల్లవాఱువఱకు తానే వెలుగునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును.

ఇక మౌసు. తెరపై బాణపు గుఱుతు ఎక్కడ నున్నదో వెదకుటకే ప్రాణము విసుగుచున్నచో, 'యాక్సెసిబిలిటీ'లోని 'మౌస్ పాయింటర్ అండ్ టచ్' నందు దానిని పెద్దదిగను, ఇష్టమైన రంగుతోను చేసికొనవచ్చును. ఎడమచేతివాటము గలవారు 'బ్లూటూత్ అండ్ డివైసెస్' లోని 'మౌస్' క్రింద ప్రధానపు బటనును కుడివైపునకు మార్చుకొనవచ్చును. వెంటవెంట రెండుమాఱులు నొక్కుటకు వ్రేళ్లు సాగనివారికి ఆ వేగమును తగ్గించుకొను వీలును అచటనే 'అడిషనల్ మౌస్ సెట్టింగ్స్' నందు కలదు.

తెలుగున వ్రాయ నిచ్ఛగలవారు 'టైమ్ అండ్ లాంగ్వేజ్' లో భాషల పట్టికకు తెలుగును చేర్చుకొనవలెను. కీబోర్డులు రెండువిధములు. 'ఫొనెటిక్' అనునది 2019వ సంవత్సరమున వచ్చినది. ఇంగ్లీషు మీటలతో ఉచ్చారణ ననుసరించి కొట్టినచో తెలుగుమాట యగును. రెండవది 'ఇన్‌స్క్రిప్ట్'. ఇందు అచ్చులును గుణింతములును ఎడమచేతికి, హల్లులలో పెక్కులు కుడిచేతికి అందునట్లు అమర్చినారు. ఉదాహరణమునకు 'అమ్మ' యని వ్రాయుటకు షిఫ్టుతో 'డి' మీట, పిదప 'సి', 'డి', 'సి' మీటలు నొక్కవలెను. 'సి' మకారము; షిఫ్టు లేని 'డి' పొల్లు. నేర్చుకొనుటకు కొన్నిదినములు పట్టినను చేయి కుదిరినపిదప సుఖము. తెలుగునుండి ఇంగ్లీషునకును, మరల తెలుగునకును మాఱుటకు విండోస్ మీటతో 'స్పేస్' మీటను నొక్కినచాలును.

కడపటిదియు ముఖ్యమైనదియు పాస్‌వర్డు. ఇంట యంత్ర మొక్కటియే యైనను, 'అకౌంట్స్' నందు ఎవరి ఖాతా వారికి వేఱుగ నేర్పఱచుకొనవచ్చును. మీ యక్షరముల పరిమాణము పిల్లవాని పాఠములకు అడ్డురాదు. వాని యాటలు మీ జాబులకు అడ్డురావు. లేచిపోవునపుడు విండోస్ మీటతో 'ఎల్' మీటను నొక్కినచో తలుపునకు గడియ వేసినట్లే. ఇట్లు చేయుట ఇంటివారిని శంకించుట యని యెవరును భావింపనక్కఱలేదు. పెట్టెకు తాళము వేసికొను గృహిణిని మనము తప్పుపట్టుదుమా?

ఒక్కదినముననే యన్నియు మార్పవలదు. దినమున కొకటి చొప్పున మార్చి, మొదట నెట్లుండెనో ఒక చిన్నపుస్తకములో వ్రాసియుంచుకొనుడు. ఇంటిలోని యువతీయువకులకు మా మనవి యొక్కటే. పెద్దవారు అడిగినపుడు వారి చేతిలోని మౌసును లాగికొని క్షణములో చేసి చూపకుడు. ప్రక్కన కూర్చుండి మాటతో చెప్పుడు. చేయి వారినే కదలింపనిండు.

పై పెద్దమ్మగారికి ఆ మనుమడే గుండీ జరుపుట నేర్పినాడు. ఆమె మొదట చదువుకొన్నది కుమార్తె పాత జాబులను. పిదప రెండు సాయంకాలములు శ్రమపడి తెలుగున నాలుగు పంక్తులు కూర్చి, ఇకమీదట నీ జాబులు నేనే చదువుకొందును, నిర్భయముగ వ్రాయుమని కుమార్తెకు పంపినది. మఱునాటి యుదయమునకే ప్రత్యుత్తరము వచ్చినది. అందేమి యున్నదో మేమెఱుగము. పెద్దమ్మగారు మాకు చెప్పలేదు.