ఆరు నెలల బిడ్డను లెక్కలోకి తీసుకోరా?

2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ వైరస్ పేరుతో టీవీ చానళ్లు ఊదరగొడుతుంటే తెలంగాణ వైద్యారోగ్య శాఖ ఓ జాబితా విడుదల చేసింది. దగ్గేటప్పుడు రుమాలు అడ్డుపెట్టుకోవాలి, షేక్‌హ్యాండ్ ఇవ్వకూడదు, వాడిన టిష్యూ మళ్లీ వాడకూడదు. ఆ వెంటనే కర్ణాటకలో ఐసీఎంఆర్ గుర్తించిన రెండు కేసులూ చంటిబిడ్డలవే. ఒకరికి మూడు నెలలు, మరొకరికి ఎనిమిది. వాళ్లు ఎవరికి షేక్‌హ్యాండ్ ఇస్తారట?

ఈ వైరస్ 2001 నుంచీ తెలిసిందే, భయం వద్దని సర్కారు చెప్పింది. నిజమే, కాదనను. మరి భయపడాల్సిన దాని మాటేమిటి? హెచ్‌ఎంపీవీకి దగ్గరి చుట్టమైన మరో శ్వాసకోశ వైరస్ ఆర్‌ఎస్‌వీ. 2019లో ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్లలోపు పిల్లలు సుమారు 1,01,400 మంది దాని వల్ల చనిపోయారని 2022లో లాన్సెట్‌ అంచనా ప్రచురించింది. అందులో 45,700 మందికి ఆరు నెలలైనా నిండలేదు. ఐదేళ్లంటే అరవై నెలలు. మొదటి ఆరు నెలల్లోనే నూటికి 45 చావులు! అయినా మన ప్రకటనల్లో ‘ఐదేళ్లలోపు చిన్నారులు, వృద్ధులు’ అంటూ అందరినీ ఒకే గాటన కట్టేస్తారు.

పెద్దవాళ్లకు నాలుగు రోజుల రొంపతో పోయే వైరస్ పసికందును ఆస్పత్రిపాలు చేయడానికి కారణం ఊపిరి దారి సన్నగా ఉండటమే. నాలుగు మిల్లీమీటర్ల శ్వాసనాళంలో చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచిందంటే గాలి వెళ్లే దారి ముప్పావు వంతు మూసుకుపోతుంది. ఊపిరితిత్తుల్లోని గొట్టాలు అంతకన్నా సన్నం. పైగా తొలి నెలల్లో బిడ్డ ఊపిరి ఎక్కువగా ముక్కుతోనే. అది మూసుకుపోతే పాలు తాగలేడు. కొందరికి దగ్గు రాకుండానే ఊపిరి ఆగుతుంది. ఇంట్లోవాళ్లేమో ‘నెమ్ము చేసింది’ అని యాంటీబయాటిక్ సీసా తెస్తారు. వైరస్‌కు అది పనిచేయదు. చూడాల్సింది డొక్కలెగరేస్తున్నాడా, పాలు మానేశాడా అని. రెండు నెలలలోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఏడాదిలోపు బిడ్డ 50 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే ప్రమాదమే. ఈ లెక్క ఆశా కార్యకర్తల శిక్షణలో ఉంది. జనానికిచ్చే ప్రకటనలో మాత్రం ఉండదు.

నెలలు తక్కువగా పుట్టినవారికే ముప్పు కదా అంటారు. వాళ్లకు ఎక్కువే. కానీ ఆర్‌ఎస్‌వీతో ఆస్పత్రిలో చేరేవాళ్లలో అధికశాతం నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టినవారే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 మేలో అన్ని దేశాలకూ సిఫార్సు చేసింది, గర్భిణికి టీకా లేదా పుట్టిన బిడ్డకు ఒక డోసు యాంటీబాడీ ఇంజెక్షన్ ఇవ్వాలని. మన టీకాల కార్డులో ఆ గడే లేదు. ఆరు వారాలు, పది వారాలు, పద్నాలుగు వారాలంటూ మూడుసార్లు బిడ్డ మన ఏఎన్‌ఎంల చేతికి వస్తున్నాడు. ఆ మూడుసార్లూ నూటికి 45 చావులు జరిగే ఆరు నెలల్లోనే.

ఈ టీకాలకు ఖరీదెక్కువన్నది పాత పాట. రోటావైరస్ టీకాను హైదరాబాద్‌లోనే తయారుచేసి డోసు డాలరుకు ఇస్తామన్నారు. 2016లో దేశంలో రోటా టీకా మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు కుదిరిన బేరం ఇప్పుడు కుదరదని ఎవరు తేల్చారు? పైసా ఖర్చులేని ఊపిరి లెక్కను కూడా తల్లులకు చెప్పని శాఖలు డబ్బు లేదంటే నమ్మేదెలా?